బుగ్గమ్మ ఇంట్లో మూడో మనిషి

బుగ్గమ్మ ఎలాంటిదని అడిగితే ఆ ఊళ్లోవాళ్లు ముందు ఆమె నోటి గురించే చెబుతారు. ఆ నోటికి జడిసి గొర్రెల బేరగాళ్లు పక్క సందులోంచి పోయేవారని నవ్వుతూ చెబుతారు. నేను మాత్రం ఆమె సంగతి చెప్పాలంటే నా తప్పుతోనే మొదలుపెట్టాలి. 1951 ఫిబ్రవరిలో కోట్‌పల్లి పక్కనున్న ఆ ఊళ్లో, ఆమె ఇంటి ముందు నిలబడి నేనొక అబద్ధం రాశాను. సర్కారు కాగితం మీద, నా చేత్తో, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని మరీ రాశాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. పేరు సోమేశ్వర్. మాది తాండూరు, మా నాన్నకు అక్కడ కందుల దుకాణం. దుకాణానికి పనికిరాని కొడుకునని తేలిపోయాక నన్ను పంతులు ఉద్యోగానికి వదిలేశారు. ఆ ఊరి బడి నా మొదటి బడి. జనాభా లెక్కలు వచ్చాయంటే ఆ పని పంతుళ్ల నెత్తినే పడుతుంది. ముసలివాళ్లు దాన్ని ఇంకా నైజాం కాలంనాటి పేరుతో మర్దుంషుమారీ అనేవారు. ప్రతి గోడ మీదా ఎర్రమన్నుతో నంబరు వేయాలి, గడప దగ్గర నిలబడి ఇంట్లో మనుషుల్ని రాసుకోవాలి. నాకు ఆ పనంటే మహా గర్వంగా ఉండేది. దేశంలో ఒక్క మనిషి కూడా తప్పిపోకుండా రాసే పుస్తకం ఇదని, ఇందులో ఉన్నవాడు ఉన్నట్టే, లేనివాడు లేనట్టేనని బడిలో పిల్లలకు ఊదరగొట్టాను. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను తిట్టుకున్నాను.

బుగ్గమ్మ వాకిట్లో కూర్చుని ఉన్ని వడుకుతోంది. కురుమల ఆడమనిషి, అప్పటికి ఇరవై ఏడేళ్లుంటాయి. ఎదురింటి అరుగు మీద ఆమె మరిది బీరన్న, కులం పెద్దలు ఇద్దరు కూర్చుని చుట్ట కాలుస్తున్నారు. ఇంట్లో ఎంతమందని అడిగాను.

“ముగ్గురం,” అంది.

నాకు ఇద్దరే కనిపించారు. ఆమె, పదేళ్ల కొడుకు అంజిలయ్య. వాడు నా బడిలోనే చదువుతున్నాడు. మూడో మనిషి ఎవరని అడిగాను.

“మా ఇంటాయన కిష్టప్ప. రాస్కో పంతులు.”

“ఏడి?”

“ఓడల ఉన్నడు.”

లెక్క జరిగే ఆ ఇరవై రోజుల్లో ఇంటికి రాని మనిషిని ఆ ఇంట్లో రాయకూడదు. అది మాకిచ్చిన రూలు. అదే చెప్పాను. ఆమె కదురు పక్కన పెట్టింది.

“నీకు మంద లెక్క తెల్సా పంతులు? పొద్దుగూకి గొర్లు దొడ్లకు వస్తుంటే ఒక్కో గొర్రెకు ఒక్కో రాయి సంచిల ఏస్తం. ఒకటి రాలేదనుకో, దాని రాయి పక్కకు పెట్టం. అది గూడ సంచిలనే ఏస్తం. దాని మెడల గంటనో, కొరికిన చెవో దొరికేదాంక అది మందల ఉన్నట్టే. దొరకకముందుకే రాయి తీసేస్తే అది సచ్చిందని మా నోటితోటి మేమే జెప్పినట్టయితది. మా అత్త గట్లనే లెక్కపెట్టింది, నేను గట్లనే లెక్కపెడుత.”

ఈ మాటలన్నీ ఆమె గట్టిగా అంది. నన్ను చూస్తూ కాదు, ఎదురింటి అరుగు వైపు చూస్తూ అంది. ఆమె గొంతే అంత అనుకున్నాను.

నేను రాశాను. కిష్టప్ప, ముప్పై ఒక్క ఏళ్లు, ఇంటి యజమాని, వృత్తి గొర్రెల పెంపకం. పొద్దున్నుంచీ నిలబడి కాళ్లు పీకుతున్నాయి, ఇంకా నలభై ఇళ్లు మిగిలి ఉన్నాయి, ఆమెతో వాదించే ఓపిక లేదు. ఇవన్నీ సాకులే. ఆమె మాటకు నా మనసు కరిగింది. ఇరవై మూడేళ్లకు మనసు కరగడం పెద్ద పనేమీ కాదు. ఒక మంచి పని చేశాననుకుంటూ పక్కింటికి వెళ్లాను.

కిష్టప్ప ఓడలోకి ఎలా వెళ్లాడన్నది ఆ ఊళ్లో అందరికీ తెలిసిన కథే. 1942లో గొంగళ్లు అమ్ముకుందామని తాండూరు అంగడికి పోయాడు. యుద్ధం జోరుగా సాగుతున్న రోజులు. స్టేషను దగ్గర ఒక హవల్దారు మనుషుల్ని నిలబెట్టి ఛాతీ కొలుస్తున్నాడు. ఛాతీ ఉన్నవాడే కాబట్టి కిష్టప్పను బొంబాయి రైలెక్కించారు, అక్కడ నౌకాదళంలో చేర్చుకున్నారు. చెరువు కంటే ఎక్కువ నీళ్లు చూడని మనిషి. ఓడ అడుగు గదిలో బాయిలర్‌కు బొగ్గు ఎగదోసే పని ఇచ్చారు. 1944లో ఒక్కసారి సెలవు మీద వచ్చాడు. తెల్ల దుస్తులు, గుండ్రటి టోపీ, టోపీ చుట్టూ బంగారు రంగు అక్షరాల నల్లపట్టీ. ఊరంతా చూడటానికి వచ్చింది. సముద్రం ఎట్లుంటదని అడిగితే, “యాడ జూస్త, పొద్దంత పొయ్యి కాడనే ఉంటుంటి,” అన్నాడట. నాలుగేళ్ల కొడుకు నెత్తిన టోపీ పెడితే అది వాడి ముక్కు దాకా దిగింది. అంజిలయ్యకు తండ్రి ముఖం గుర్తులేదు. ఆ టోపీలోపలి చీకటి, చెమట వాసన మాత్రం గుర్తున్నాయి.

నలభై ఆరు తర్వాత ఏ కబురూ లేదు. ఆ ఏడు బొంబాయిలో ఓడల సిపాయిలు సమ్మె కట్టారని, తుపాకులు పేలాయని రైల్వే కూలీలు మోసుకొచ్చిన వార్త ఊరికి చేరింది. అప్పుడే పారిపోయి ఉంటాడని కొందరన్నారు. బొంబాయిలో ఇంకో దాన్ని పెట్టుకుని ఉంటాడని కొందరన్నారు. బుగ్గమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. చేతి గాజులు తీయలేదు, బొట్టు మానలేదు. నలభై ఎనిమిదిలో రజాకార్ల భయం, ఆ వెంటనే పోలీసు చర్య. అప్పుడు కొడుకునీ, మందనీ తోలుకుని అనంతగిరి అడవిలో పన్నెండు రోజులు దాక్కుంది. తిరిగొచ్చేసరికి మూడు గొర్రెలు తప్పిపోయాయి. ఆ మూడింటి రాళ్లూ సంచిలోనే ఉంచింది.

నాకు 1955లో వికారాబాద్‌కు బదిలీ అయింది. అంజిలయ్య నాలుగు తరగతులు చదివి తాండూరు బండల గనిలో పనికి కుదిరాడు. బండ మీద అక్షరాలు చెక్కడంలో వాడి చేయి మంచిదని విన్నాను. అక్షరాలు నేర్పింది నేనే కదా అని లోలోపల మురిసిపోయాను. ఆ మురిపెం కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

1961 మార్చిలో ఒక పొద్దున వాడు వికారాబాద్‌లో మా ఇంటికి వచ్చాడు. ఇరవై ఏళ్లవాడు, చేతుల నిండా రాతి గాట్లు. ఆ నెలకు ముందే మళ్లీ జనాభా లెక్కలు జరిగాయి. ఈసారి వచ్చిన పంతులుకు కూడా బుగ్గమ్మ ముగ్గురమని చెప్పిందట. ఆ పంతులు నాలాంటివాడు కాదు, మూడో మనిషిని చూపించమన్నాడు. పని మాని ఇంటికి వచ్చి ఉన్న అంజిలయ్య లోపల్నుంచి బయటికి వచ్చి, ఇద్దరమే రాసుకోమన్నాడు. తల్లీ కొడుకులు వాకిట్లోనే మాటా మాటా అనుకున్నారు.

“ఇరవై ఏండ్లచ్చినయ్ సార్,” అన్నాడు నాతో. “పెత్రమాస నాడు అందరు సచ్చిపోయినోళ్ల పేరు జెప్పి బువ్వ వెడ్తరు. మా ఇంట్ల నాయిన పేరు తియ్యనియ్యదు మా అమ్మ. సచ్చిండంటే తంతది. బతికిండంటే ఏడున్నడో జెప్పది. నేను బండ గూడ కోసి వెట్టిన. పేరు చెక్కిన. కింద ఏడు చెక్కాలె. ఏ ఏడని చెక్కాలె?”

పెద్దల పేరు చెక్కిన బండను బీరప్ప గుడి వెనక నిలబెట్టడం వాళ్ల ఇళ్లలో ఉన్నదే. మనిషి పోయిన ఏడు లేకుండా బండ నిలబెట్టరు.

“మీరే చెప్తుంటిరి గద సార్, సర్కారు లెక్కల ఉన్నోడు ఉన్నట్టే, లేనోడు లేనట్టే అని,” అన్నాడు. “యాభై ఒకటి లెక్క సూపియ్యుండ్రి. నాయిన అండ్ల లేకుంటే నేను బండ నిలవెడ్త.”

అందులో నేను రాసింది నాకు గుర్తుంది. అయినా పదేళ్లనాటి పుస్తకం ఎక్కడుంటుందిలే అనుకున్నాను. యాభై ఆరులో రాష్ట్రాలు మారినప్పుడు తాండూరు తాలూకా కాగితాలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. ఆ ఊరి పుస్తకాలు కూడా అలాగే పోయి ఉంటే బాగుండునని దేవుణ్ణి కోరుకున్నాను. పోలేదు. వికారాబాద్ తాలూకా కచేరీలో బీరువా మీద, మూటలో, భద్రంగా ఉన్నాయి. అక్కడి గుమాస్తా నాతో చదువుకున్నవాడు. మూట దించి, దుమ్ము దులిపి, తొందరగా చూసుకోమన్నాడు.

ముందు దొరికింది నైజాం కాలంనాటి ఇళ్ల జాబితా, ఫసలీ 1350 నాటిది, అంటే 1941. ఉర్దూలో ఉంది, నేనే చదివి వినిపించాను. కిష్టప్ప తండ్రి ఇంటి పెద్ద. కిష్టప్ప ఇరవై ఒకటి. బీరన్న పదహారు. బుగ్గమ్మ పదిహేడు. మగబిడ్డ, మూడు నెలలు.

“గా మూడు నెలలోడు నేనేనా సార్?” అన్నాడు అంజిలయ్య. వాడు నవ్వడం ఆ రోజు అదొక్కసారే చూశాను.

తర్వాత యాభై ఒకటి రిజిస్టరు. ఆ రిజిస్టరు కూడా మా చేతనే రాయించారు. వాడే పేజీలు తిప్పాడు, ఇంటి నంబరు వాడికి తెలుసు. వేలు పెట్టి చదువుతూ పోయి ఒకచోట ఆగాడు. కిష్టప్ప, ముప్పై ఒకటి, ఇంటి యజమాని.

వేలు తీయకుండానే అన్నాడు. “యాభై ఒకట్ల నాయిన ఇంట్లనే ఉన్నడు సార్. నాకు పదేండ్లు అప్పుడు. ఇంట్ల ఉండి నాకు కనబడకుండ ఎట్లున్నడు?”

నేను అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట చాలు. అది నేను రాసింది, మీ నాన్న ఇంట్లో లేడు, మీ అమ్మ చెప్పిందని రాశాను. అంతే చెప్పాలి. గుమాస్తా పక్కనే ఉన్నాడు. తప్పు రాస్తే ఉద్యోగం పోతుందని, జరిమానా పడుతుందని ఆర్డరు కాగితం మీదే ఉండేది. ఆ నెలలోనే నన్ను హెడ్మాస్టర్ని చేస్తారని మాట వినబడుతోంది. నేను “ఉన్నట్టే ఉంది మరి,” అన్నాను.

వాడు పుస్తకం మూసి నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

నాలుగు రోజుల తర్వాత తాండూరులో బొంబాయి రైలెక్కాడు. పోయేముందు తల్లితో, “నువ్వు వాన్ని దాచిపెట్టినవ్. నేను పట్కొస్త,” అన్నాడట.

ఇంకో వారానికి బుగ్గమ్మ మా ఇంటికి వచ్చింది. తెల్లవారుజామున బయలుదేరి పొద్దు వాలేదాకా నడిచింది. కాళ్ల నిండా దుమ్ము. నా భార్య కౌసల్య నీళ్లిచ్చి కూర్చోమంది. ఆమె నీళ్లు తాగకుండానే అడిగింది.

“ఏం సూపినవ్ పంతులు నా కొడుక్కు?”

“నువ్వు రాయించిందే చూపిన,” అన్నాను. నాలో తప్పు ఉంది కాబట్టి గొంతు కాస్త పెరిగింది.

“నేను రాయించింది అబద్ధం.”

“తెల్సు. ఇంట్ల లేని మనిషిని ఉన్నడన్నవు.”

“గది కాదు. నీకేం తెల్వది,” అని కొంగు చివర ముడి విప్పింది. అందులో మడతలు నలిగిన ఒక కాగితం, ఒక నల్లపట్టీ ఉన్నాయి. పట్టీ మీద బంగారు రంగు అక్షరాలు సగం రాలిపోయాయి.

కాగితం ఇంగ్లీషులో అచ్చువేసింది, ఖాళీల్లో పెన్నుతో నింపారు. చదివాను. కిష్టప్ప 1946 జనవరిలో ఓడ మీదే జ్వరంతో చనిపోయాడు. సమ్మె జరిగింది ఫిబ్రవరిలో. ఆ సమ్మె నాటికి ఆయన లేనే లేడు, పారిపోలేదు, ఎవరినీ పెట్టుకోలేదు.

నలభై ఆరు వేసవిలో తాండూరు అంగడిలో ఆమె గొంగళ్లు అమ్ముతుంటే నర్సప్ప అనే మనిషి వెతుక్కుంటూ వచ్చాడట. గుల్బర్గా వైపువాడు, కిష్టప్పతో బొగ్గు ఎగదోసినవాడు. కన్నడం కలిసిన తెలుగులో చెప్పాడు. మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు పోయాడు, గుడ్డలో చుట్టి సముద్రంలో వదిలారు. ఈ కాగితం పెద్ద దొర ఇచ్చాడు, ఇది చూపిస్తే సర్కారు ఏదైనా ఇస్తుంది. పట్టీ తానే కోసి తెచ్చాడు.

“కాగ్నా వాగు కాడికి వొయ్యి ఏడ్సిన,” అంది బుగ్గమ్మ. “మొకం కడుక్కున్న. ఇంటికొచ్చి గొర్లను లెక్కవెట్టిన. ఆయన పేరు మీద గూడ ఒక రాయి సంచిల ఏసిన.”

ఎందుకని కౌసల్యే అడిగింది.

“మా కులంల మొగడు వోతే మరిదికి ఇస్తరు. మంద రెండు ఇండ్లకు చీలొద్దని. బీరన్నకు పెండ్లమున్నది, పిల్లలున్నరు. అయిన కులపోళ్లు ఊకోరు. ముందుగాల్నుంచి అంటనే ఉండిరి, కబురు తెల్వనియ్యి, బీరన్న ఇంట్ల కూసోవెడ్తమని. నేను బీరన్నను తమ్ముని లెక్క సూస్కున్న. నేను ఆ ఇంటికి వచ్చినప్పుడు వానికి పదమూడేండ్లు, జరమొస్తే నా వొళ్లె పండిండు. నేను వాని ఇంట్ల ఎట్ల కూసుంట?”

అప్పుడు నాకు ఎదురింటి అరుగు గుర్తుకొచ్చింది. ఆమె ఆ రోజు ఎవరికి వినబడాలని అంత గట్టిగా మాట్లాడిందో పదేళ్ల తర్వాత తెలిసింది. నేను ఆమె ప్రేమకు కరిగిపోయి రాశాననుకున్నాను. ఆమెకు నా కరుణ అక్కర్లేదు. కిష్టప్ప బతికే ఉన్నాడని సర్కారు కాగితం మీద ఉండాలి, అది కులపెద్దలు చూస్తుండగా జరగాలి. గంట దొరికాక కూడా రాయి తీయని ఆడమనిషి ఆమె. తన మంద లెక్కను తానే తప్పింది. సర్కారు ఇచ్చే సొమ్మును ఎన్నడూ అడగకుండా ఆ తప్పుకు మూల్యం కట్టుకుంది, ఒంటరిగా ఏడ్చి కట్టుకుంది.

“కొడుక్కైనా చెప్పాల్సింది కదమ్మా,” అంది కౌసల్య.

“ఎట్ల జెప్ప? పదిహేనేండ్లు పెత్రమాసకు వాని నాయినకు ఒక్క ముద్ద పెట్టనియ్యలే. సచ్చిన మనిషిని ఉపాసం ఉంచిన. గది ఏ నోటితోటి జెప్ప?”

ఇద్దరం అబద్ధాల వాళ్లం ఎదురెదురుగా కూర్చున్నాం. తేడా ఒక్కటే. ఆమె అబద్ధానికి ఒక కారణం ఉంది.

బొంబాయిలో మా నాన్నకు తెలిసిన కందుల వర్తకుడికి ఉత్తరం రాశాను. రేవుల దగ్గర అలాంటి కుర్రాడు కనిపించాడని, కూలీల్లో నలభై దాటిన ప్రతివాడి ఊరూ పేరూ అడుగుతున్నాడని, తర్వాత ఎటో వెళ్లాడని జవాబు వచ్చింది. మళ్లీ రాశాను, జవాబు రాలేదు. బుగ్గమ్మ మందను బీరన్న కొడుకులకు అప్పగించి, వారానికి రెండుసార్లు తాండూరు స్టేషనుకు వచ్చి బొంబాయి బండి వెళ్లేదాకా కూర్చునేది. ఆ ఏడు వానలు ఆగకుండా కురిశాయి. మా నాన్న దగ్గరికి తాండూరు వెళ్లినప్పుడల్లా, గొంగడి కప్పుకుని ప్లాట్‌ఫారం మీద కూర్చున్న ఆమెను చూసి నాకు నా మీద అసహ్యం పుట్టేది. దగ్గరికి వెళ్లి పలకరించే ధైర్యం మూడుసార్లలో ఒకసారే వచ్చేది.

పెత్రమాసకు ఆరు రోజుల ముందు గని మేస్త్రీ కబురు పంపాడు. అంజిలయ్య వచ్చాడు, ఇంటికి పోకుండా గనిలోనే ఉన్నాడు. బుగ్గమ్మా నేనూ వెళ్లాం. వాడు తన బండ పక్కన కూర్చుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు, దగ్గు. బండ మీద కిష్టప్ప అన్న పేరు, దాని కింద ఖాళీ.

తల్లి నిలబడే చెప్పింది. నర్సప్ప సంగతి, కులపెద్దల సంగతి, అన్నీ చెప్పింది. పట్టీ వాడి ఒళ్లో పెట్టింది. చివరికి, “లెక్కల నేనే అబద్ధం జెప్పి రాయించిన. పంతులుకు ఏం తెల్వది,” అంది.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. రెండోసారి కూడా తెరవలేదు.

అంజిలయ్య పట్టీని వేళ్ల మధ్య తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తల్లిని ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే మాకు తేలికయ్యేది.

“ఏడు నెలలు మా నాయిన బతికుండె,” అన్నాడు. “రోజు వాన్ని తిట్టుకుంట తిరిగిన. దొరికితే ఏమనాల్నో గూడ అనుకుని వెట్టుకున్న. ఇప్పుడు తిట్టనీకె గూడ ఎవ్వడు లేడు.”

పెత్రమాస నాడు బీరప్ప గుడి వెనక గుంట తవ్వారు. కురుమలు చనిపోయినవాళ్లను పూడ్చిపెడతారు. కిష్టప్పకు పూడ్చడానికి ఒళ్లు లేదు. బుగ్గమ్మ గులకరాళ్ల సంచి తెచ్చి, అందులో చేయి పెట్టి వెతకకుండానే ఒక రాయి తీసింది. అది ఏదో ఆమెకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. దాన్ని గుంటలో వేసింది. పట్టీ మాత్రం కొడుకు ఇవ్వలేదు.

కులపెద్దలు గొణిగారు కానీ గట్టిగా ఏమీ అనలేదు. పదిహేనేళ్లలో వాళ్లలో పట్టుబట్టినవాళ్లు ఇద్దరూ పోయారు. బీరన్న గుంట పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వదిన వైపు తిరిగి అన్నాడు.

“నాకు గూడ ఇష్టం లేకుండె వదినె. పెద్దోళ్ల ముంగట నోరు లేవక ఊకున్న. ఒక్కసారి నాకు జెప్పుంటే నేనే దండం వెట్టి వద్దందును.”

బుగ్గమ్మ అతని వైపు చూసి, మళ్లీ గుంట వైపు చూసింది. “నువ్వైన ఒక్కసారి అనకపోతివి బీరన్న,” అంది. ఇద్దరూ ఏడ్చారు. భయపడ్డ మరిదీ, భయపడ్డ వదినా ఒకే వీధికి అటూ ఇటూ అన్నేళ్లు బతికారు.

అంజిలయ్య బండను ఆనించి నిలబెట్టి సుత్తి, ఉలి తీశాడు. ఇక నాకు దాచుకోవడానికి చోటు లేదనిపించింది. అందరి ముందూ చెప్పాను.

“అంజిలయ్య, మీ అమ్మ నన్ను మోసం చెయ్యలేదు. మీ నాయిన ఇంట్ల లేడని నాకు తెల్సు. తెల్సే రాసిన. కచేరీల నీ పక్కన నిలబడి గూడ చెప్పలేదు. ఉద్యోగం పోతదని భయపడ్డ. నిన్ను బొంబాయి పంపింది నేనే.”

వాడు ఉలి కింద పెట్టాడు.

“ఎర్కే సార్,” అన్నాడు. “గా పుస్తకం తెరవంగనే ఎర్కపట్టిన అది మీ రాతని. నా చెయ్యి పట్టి పలక మీద దిద్దించింది మీరే గదా, మీ రాత నాకు తెల్వదా? మీరు ఏమన్న అంటరేమోనని ఆగి సూసిన. మీరు ఉన్నట్టే ఉంది అంటిరి. ఇంకెవని రాతన్న అయితే నేను నమ్మకపోదును. మీ రాత గాబట్టే బొంబాయి వోయిన.”

వాడు సంచిలోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు.

“ఏడు మీరే రాయుండ్రి. నేను చెక్కుత.”

వంగి బండ మీద 1946 అని రాశాను. చివరి అంకె వంకరపోయింది. తుడిచి మళ్లీ రాస్తానన్నాను. ఉండనియ్యుండ్రి అని, వంకరగా ఉన్నది ఉన్నట్టే చెక్కడం మొదలుపెట్టాడు. బుగ్గమ్మ కిష్టప్పకు వడ్డించిన విస్తరి ముందు పెట్టుకుని, ఆ అంకె పూర్తయ్యేదాకా కొడుకు చేతినే చూస్తూ కూర్చుంది. ఆమె గాజులు ఆ పొద్దుటే తీసేసింది.